ఏ పాఠాలతో ఇంగ్లీషు?

పుంగనూరులో మా సంఘం ఆడవాళ్ళకోసం సాయంత్రం పూట ఇంగ్లీషు క్లాసు మొదలుపెట్టి అప్పటికి రెండో వారం. బోర్డు మీద నేను హోటల్లో జరిగే సంభాషణ ఒకటి రాశాను. వెయిటరు మెనూ కార్డు ఇస్తాడు, వచ్చినామె కాఫీ అడుగుతుంది, చివర్లో బిల్లు తెమ్మంటుంది. ఇద్దరిద్దరి చేత దాన్ని చెప్పిస్తున్నాను. జాకెట్లు కుట్టి బతికే ఒకామె, నలభై ఏళ్ళు దాటి ఉంటాయి, తన వంతు వచ్చినప్పుడు సంచీలోంచి ఒక మందుల చీటీ తీసింది. "అక్కా, నేను హోటలుకు పోయేది లేదు, బిల్లు తెమ్మనేది లేదు. ఈ చీటీలో ఏం రాసిండారో చెప్పు. ఇది చదివేది నేర్పిస్తే నేర్చుకుంటా" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కానీ ఇంటికొచ్చాక కూడా ఆ మాట నన్ను వదల్లేదు. ఎందుకంటే అలాంటి కాగితం ఒకటి నా దగ్గరా ఉంది.

నేను పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివాను. ఇంగ్లీషు పరీక్ష 35 మార్కులతో గట్టెక్కాను. 29 ఏళ్ళ వయసులో కడుపునొప్పి, రక్తస్రావం ఎక్కువై ఒక ఆస్పత్రికి వెళ్ళాను. గర్భసంచి తీసెయ్యాలి, లేకపోతే కాన్సరు రావచ్చు అన్నారు. ఇద్దరు పిల్లలు పుట్టారు కదా, ఇంక దాంతో పనేముంది అన్నారు. ఇంగ్లీషులో ఉన్న ఒక కాగితం మీద నా చేత, నా భర్త చేత సంతకాలు పెట్టించుకున్నారు. ఇద్దరిలో ఎవరమూ దాన్ని చదవలేదు. చదవమని ఎవరూ అనలేదు. ఆ తర్వాత ముప్పై ఏళ్ళకే ఒంట్లోంచి ఆవిర్లు, నిద్ర లేకపోవడం, ఎముకల నొప్పులు. పని ఎక్కువై అలా ఉందనుకున్నాను. పదేళ్ళ తర్వాత, సంఘంలో పనిచేస్తూ కొంచెం కొంచెంగా ఇంగ్లీషు నేర్చుకున్నాక, ఆ డిశ్చార్జి కాగితాలు బయటికి తీసి డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివాను. గర్భసంచితో పాటు రెండు అండాశయాలూ తీసేశారని నాకు అప్పుడు తెలిసింది. నా ఒంట్లోంచి ఏమేం తీశారో నేను తెలుసుకోవడానికి పదేళ్ళూ, ఒక డిక్షనరీ కావలసి వచ్చాయి.

నాకు ఇంగ్లీషు వచ్చి ఉంటే ఆ ఆపరేషను ఆగేదని నేను అనను. తెల్లకోటు వేసుకున్న మనిషిని ప్రశ్నించే ధైర్యం భాష ఒక్కదానితో రాదు. అసలు ఆ కాగితం తెలుగులో ఉండాలి, చదివి వినిపించాలి. అది నా హక్కు. ఆ హక్కు కోసం పోరాడాల్సిందే. అయితే ఆ పోరాటం గెలిచేదాకా మన బతుకుల్ని నిర్ణయించే కాగితాలు ఇంగ్లీషులోనే వస్తూ ఉంటాయి. కాబట్టి మనం ఇంగ్లీషు నేర్చుకోవాలి. ఇందులో నాకు సందేహం లేదు. నా ప్రశ్నల్లా ఏ పాఠాలతో నేర్చుకోవాలన్నదే.

మదనపల్లె, పుంగనూరు, కుప్పం మూడు ఊళ్ళలోనూ స్పోకెన్ ఇంగ్లీషు బోర్డులు కనిపిస్తాయి. అక్కడ నేర్పేది ఎక్కువగా ఇంటర్వ్యూ ఇంగ్లీషు. నా పేరు ఇది, నా బలాలు ఇవి, నా బలహీనతలు ఇవి అని చెప్పడం. నేను దాన్ని తక్కువ చేసి మాట్లాడను. కుప్పం నుంచి రోజూ రైల్లో బెంగుళూరుకు పనికి వెళ్ళొచ్చే ఆడపిల్లకు ఆ నాలుగు వాక్యాలు జీతంలో తేడా తేవచ్చు. కానీ ఆ పాఠాల్లో ఆమె ఊరు ఉండదు, ఆమె ఒళ్ళు ఉండదు, ఆమె చదువు ఎక్కడ ఆగిపోయిందో ఉండదు. ఎదుటివాడు అడిగితే జవాబు చెప్పడం ఉంటుంది గానీ ఎదుటివాణ్ణి ప్రశ్న అడగడం ఉండదు. మనం కూడా ఆ పుస్తకాలనే తెచ్చి మన సంఘాల్లో చెప్పడం మొదలుపెట్టాం. నేను హోటలు సంభాషణ తెచ్చింది అట్లాంటి పుస్తకంలోంచే.

పాఠంలో ఏముందన్నది చిన్న సంగతి కాదని మనకు తెలియాలి. మనకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు కూడా. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం జరిగినప్పుడు వాచకంలో సీతమ్మ కథ అనే పాఠం ఉండేది. తాగుబోతు భర్త వల్ల నలిగిపోయిన ఆడదాని కథ అది. దూబగుంట ఆడవాళ్ళు ఆ పాఠం చదివి, అది తమ కథే అనుకుని, మాట్లాడుకుని, ఊళ్ళో సారా దుకాణం మూయించారు. తర్వాత దూబగుంట సంగతే ఇంకో వాచకంలో పాఠమై మిగిలిన ఊళ్ళకు పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995లో వచ్చిన సంపూర్ణ మద్య నిషేధాన్ని 1997లో ఎత్తేశారు, అది వేరే కథ. ఆ వాచకంలో సీతమ్మకు బదులు 'అల, వల, తల' మాత్రమే ఉండి ఉంటే ఆడవాళ్ళకు అక్షరాలు వచ్చేవేమో గానీ దుకాణం మూతపడేది కాదు. తెలుగు అక్షరాల విషయంలో ఇంత నేర్చుకున్న మనం ఇంగ్లీషు దగ్గరికొచ్చేసరికి దాన్ని ఎందుకు మరిచిపోయాం?

అందుకని పుంగనూరులో ఆ చీటీ చూశాక మేము పాఠాలు మార్చుకున్నాం. మూడు ఊళ్ళలోనూ మూడు విషయాలు తీసుకున్నాం. మన చరిత్ర, మన ఆరోగ్యం, అందరికీ బడి. ఏం జరిగిందో చెబుతాను. జరగనిదీ చెబుతాను.

మదనపల్లెలో చరిత్రతో మొదలుపెట్టాం. 1915లో మొదలైన బీసెంట్ థియొసాఫికల్ కాలేజీ ముందునుంచి మా క్లాసు పిల్లలు ఎన్నోసార్లు నడిచి ఉంటారు. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ టాగూరు ఆ కాలేజీలో బస చేసి, 'జన గణ మన'ను ఇంగ్లీషులోకి అనువదించింది అక్కడేనని చాలామంది విన్నారు. అప్పటి ప్రిన్సిపాలు జేమ్స్ కజిన్స్ పేరూ కొందరు విన్నారు. ఆ పాటకు స్వరం కట్టి రాసిపెట్టిన మార్గరెట్ కజిన్స్ ఎవరో మాత్రం ఒక్కరికీ తెలియదు. ప్రిన్సిపాలుగారి భార్య, అంతే.

ఆమె ఐర్లండు మనిషి. ఇక్కడికి రాకముందే స్త్రీల ఓటు హక్కు కోసం జైలుకు వెళ్ళింది. 1917లో మద్రాసు అడయారులో అనీబిసెంటు, డొరొతీ జినరాజదాస మొదలైనవాళ్ళతో కలిసి విమెన్స్ ఇండియన్ అసోసియేషన్ పెట్టింది. ఆ ఏడాదే డిసెంబరు 18న సరోజినీ నాయుడు నాయకత్వంలో స్త్రీల బృందం మంత్రి మాంటేగును కలిసి ఓటు అడిగింది. వాళ్ళు మొదట అడగాలనుకున్నది స్త్రీ విద్య గురించి. రాజకీయ విషయాలైతేనే వింటామని జవాబు రావడంతో, సరే, రాజకీయమే అడుగుతాం అని ఓటు అడిగారు. 1921లో మద్రాసు రాష్ట్రం స్త్రీలకు ఓటు ఇచ్చింది. 1927లో అఖిల భారత మహిళా సభ పుట్టడం వెనుకా మార్గరెట్ ఉంది. 1932లో మన దేశంలోనూ జైలుకు వెళ్ళింది.

మా పిల్లలు రాసిన మొదటి భూతకాల వాక్యాలు ఇవి. షి కేమ్ ఫ్రమ్ ఐర్లాండ్. షి వెంట్ టు జైల్. షి ఆస్క్‌డ్ ఫర్ ద వోట్. తప్పులు లేకుండా వచ్చాయని నేను సంతోషపడుతుంటే నీరుగట్టువారిపల్లె నుంచి వచ్చే నేతపనివాళ్ళ అమ్మాయి అడిగింది. "మా అవ్వకు కూడా 1921లోనే ఓటొచ్చిందా అక్కా?" రాలేదు. ఆస్తి ఉన్న కొద్దిమందికే అప్పుడు వచ్చింది. మగ్గం మీద బతికే ఇంటి ఆడదానికి స్వాతంత్ర్యం వచ్చి, రాజ్యాంగం వచ్చేదాకా రాలేదు. మరి అవ్వ చరిత్ర ఎవరు రాశారు? ఎవరూ రాయలేదు. అయితే మీరే రాయండి అన్నాను. ఇంట్లో పెద్దవాళ్ళను అడిగి ఇంగ్లీషులో అయిదు వాక్యాలు రాసుకు రమ్మన్నాను. ఆ అమ్మాయి రాసింది, మై గ్రాండ్‌మదర్ వోవ్ శారీస్ ఫర్ ఫార్టీ ఇయర్స్. ద కార్డ్ ఈజ్ ఇన్ మై గ్రాండ్‌ఫాదర్స్ నేమ్. నేత కార్డు తాత పేరున ఉందని ఆ పిల్లకు అంతకుముందూ తెలుసు. రాసినప్పుడే అది ప్రశ్న అయింది. తర్వాతి వారం వాళ్ళమ్మను వెంటబెట్టుకుని వచ్చి, అమ్మ పేరున కార్డు అడగాలంటే ఎవరికి అర్జీ పెట్టాలని అడిగింది.

ఆరోగ్యం పాఠాలకు మాకు దూరం వెతుక్కోవలసిన పని లేకపోయింది. మదనపల్లె పక్కన ఆరోగ్యవరం ఉంది. మిషన్లు కలిసి 1912లో పెట్టిన క్షయ ఆస్పత్రి 1915 నాటికి అక్కడ స్థిరపడింది. డెన్మార్కు నుంచి వచ్చిన డాక్టర్ ఫ్రిమోట్ మోలర్ దాన్ని చాలాకాలం నడిపించాడు. అప్పటికి క్షయకు మందు లేదు. మంచి గాలి, విశ్రాంతి, తిండి, ఇవే వైద్యం. ఈ మూడూ ఏ ఇంటి కోడలికి దొరుకుతాయి? క్లాసులో ఈ ప్రశ్న వేస్తే నవ్వు తప్ప జవాబు రాలేదు. తర్వాత మందులు వచ్చాయి. 1956లో మద్రాసులో మొదలైన పరిశోధన, ఆస్పత్రిలో ఉండి మందులు మింగినా ఇంట్లో ఉండి మింగినా ఫలితం దాదాపు ఒకటేనని తేల్చింది. మందులు సరిగా వాడుతున్న మనిషిని ఇంట్లోంచి పంపేయాల్సిన పని లేదని దాని అర్థం. అయినా టీబీ అని తెలియగానే కోడల్ని పుట్టింటికి పంపేసే ఇళ్ళు నాకు తెలుసు. రెండు వారాలకు మించి దగ్గు ఉంటే తెమడ పరీక్ష చేయించుకోవాలి, మందులు ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది, మామూలు క్షయకు ఆరు నెలలు, తగ్గిందనిపించినా మధ్యలో ఆపకూడదు. ఈ నాలుగు మాటలూ ఇంగ్లీషులో చెప్పడం, అడగడం నేర్చుకున్నాం.

తర్వాత మందుల చీటీలు. ఎవరి చీటీ వాళ్ళు తెచ్చుకున్నారు. రోజుకు రెండుసార్లు, తిండి తిన్న తర్వాత, పడుకునే ముందు. హెచ్.బి. అంటే రక్తంలో హిమోగ్లోబిన్. గర్భం లేని ఆడదానికి 12 గ్రాములకు తగ్గితే రక్తహీనత. మా క్లాసులో కాగితం తెచ్చినవాళ్ళలో ఒక్కరికీ 12 లేదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో నూటికి దాదాపు 59 మందికి రక్తహీనత. రాగిసంగటి, ఆకుకూరలు, వేరుశెనగలు పండే సీమలో ఆడవాళ్ళకు రక్తం ఎందుకు లేదు? వండిన మనిషి ఆఖర్న మిగిలింది తినడం వల్ల అని ఒకామె తెలుగులో చెప్పింది. దాన్ని ఇంగ్లీషులో అందరం కలిసి తయారు చేశాం. షి ఈట్స్ లాస్ట్. మూడే మాటలు. ఏ హెల్దీ లివింగ్ పుస్తకంలోనూ ఆ వాక్యం నాకు కనబడలేదు.

చివరి పాఠం ఆపరేషను కాగితం. నా కాగితమే పాఠంగా పెట్టాను. కష్టంగానే ఉండింది. అదే సర్వేలో, మన రాష్ట్రంలో ఆ వయసు స్త్రీలలో నూటికి దాదాపు 9 మందికి గర్భసంచి తీసేశారని ఉంది. దేశం మొత్తం మీద నూటికి 3 మంది. సమీరా కోహ్లీ కేసులో 2008 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది కూడా చదివాం. పరీక్ష కోసం ఇచ్చిన అనుమతి గర్భసంచి తీయడానికి అనుమతి కాదు, స్పృహ వచ్చాక అడగగలిగిన మనిషిని అడగకుండా పక్కవాళ్ళ సంతకంతో తీసెయ్యడం చెల్లదు. అక్కరలేని గర్భసంచి ఆపరేషన్లు ఆపడానికి కేంద్రం తయారుచేసిన మార్గదర్శకాలను అమలు చేయాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. క్లాసులో మేము కంఠతా పట్టిన వాక్యాలు మూడు. వాట్ విల్ యు రిమూవ్? ఈజ్ దేర్ ఎనీ అదర్ ట్రీట్‌మెంట్? ప్లీజ్ రీడ్ ఇట్ టు మీ ఇన్ తెలుగు. మూడోది అన్నిటికంటే ముఖ్యమని నా ఉద్దేశం. ఇంగ్లీషు నేర్చుకుని మనం అడగవలసిన మొదటి సంగతి తెలుగు.

ఇక అందరికీ బడి. ఈ పాఠం నన్నే ముందు నిలదీసింది. పుంగనూరు క్లాసులో చీటీ తీసి చూపించిన ఆమె ఆ తర్వాత రెండు వారాలు రాలేదు. నేను నవ్వినందుకు కష్టపెట్టుకుందేమో, లేదా ఆసక్తి పోయిందేమో అనుకున్నాను. సమావేశంలో కూడా 'హాజరు తగ్గుతోంది, స్త్రీలలో పట్టుదల లేదు' అని రాసుకున్నాను. ఒకరోజు ఆమె ఇంటికి వెళ్తే అసలు సంగతి తెలిసింది. చిన్నప్పుడు పోలియో వచ్చిన కాలు ఆమెది. మా క్లాసు ఒక ఇంటి మిద్దె మీద. పద్దెనిమిది మెట్లు, పట్టుకోవడానికి కమ్మీ లేదు. మొదటి రెండు వారాలు ఎట్లాగో ఎక్కింది. "మెట్లు ఎక్కలేననే దానికి సిగ్గయింది అక్కా, దానికి రాలేదు" అంది. తన వంతు వచ్చినప్పుడు ఆమె లేచి నిలబడకపోవడం నేను చూశాను. ఎందుకో అడగలేదు. మా గోడ మీద మాత్రం 'అందరికీ చదువు' అని పోస్టరు ఉంది.

వారంలోగా క్లాసును కింద వసారాలోకి మార్చాం. పైసా ఖర్చు కాలేదు. ఇంత సులభమైన పని మొదటే ఎందుకు చెయ్యలేదంటే మాకు తోచలేదు. బళ్ళ విషయంలోనూ జరిగేది ఇదే.

కుప్పంలో పాఠం ఒకే ప్రశ్నతో పెట్టాం. హూ ఈజ్ నాట్ ఇన్ స్కూల్? మీ వీధిలో బడికి రాని పిల్లలెవరు, ఎందుకు రావడం లేదు, ఒక్కొక్కరి గురించి మూడు వాక్యాలు రాయండి. కుప్పం మూడు రాష్ట్రాలు కలిసేచోట ఉంది. ఇంట్లో తమిళం, వీధిలో తెలుగు, సంతలో కన్నడం మాట్లాడే పిల్లలున్నారు. వాళ్ళకు బడిలో తెలుగే రెండో భాష, ఇంగ్లీషు మూడోదో నాలుగోదో. మా అమ్మాయిలు తెచ్చిన జాబితాలో తల్లిదండ్రులతో బెంగుళూరు కట్టుబడి పనులకు వెళ్ళిపోయిన పిల్లలున్నారు. పదిహేనేళ్ళకే పెళ్ళయిన పిల్ల ఉంది. బుద్ధి ఎదగలేదని ఇంట్లో ఉంచేసిన పిల్లవాడు ఉన్నాడు. "చెవులు వినపడని పాప ఒకటి ఉండాది మేడం, తమ్ముణ్ణి ఎత్తుకోనుంటాది" అని ఒకమ్మాయి చెప్పింది. వినపడని పిల్లకు చదువెందుకు, తమ్ముణ్ణి చూసుకుంటే చాలని ఇంట్లోవాళ్ళు అనుకున్నారు. మగపిల్లవాడైతే అట్లా అనుకునేవాళ్ళా?

2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ళ పిల్లలందరికీ చదువు హక్కుగా ఇచ్చింది. 2016 వికలాంగుల హక్కుల చట్టం ఇంకొంచెం ముందుకెళ్ళింది. నలభై శాతం, అంతకు మించి వైకల్యం ఉన్న పిల్లలకు 18 ఏళ్ళదాకా ఉచిత విద్య, దగ్గర్లోని మామూలు బడిలోనే అయినా, కావాలనుకుంటే ప్రత్యేక బడిలో అయినా. ప్రభుత్వం సాయం చేసే బళ్ళు, గుర్తించిన బళ్ళు ఈ పిల్లల్ని వివక్ష లేకుండా చేర్చుకోవాలి, భవనాలు వాళ్ళకు అనువుగా ఉండాలి, సైగల భాష, బ్రెయిలీ తెలిసిన టీచర్లను తయారు చెయ్యాలి. ఈ సెక్షన్లను మేము సులభమైన ఇంగ్లీషు వాక్యాలుగా మార్చుకుని చదివాం. ఎవ్రీ స్కూల్ మస్ట్ టేక్ హర్. తర్వాత తెలుగులో అర్జీ రాసుకుని, నలుగురు అమ్మాయిలు ఆ పాప తల్లితో కలిసి బడికి వెళ్ళారు. పేరు నమోదైంది. కానీ ఆ బడిలో సైగల భాష వచ్చిన టీచరు ఎవరూ లేరు. పాప వెళ్ళి వెనక బెంచీలో కూర్చుని వస్తోంది. దీన్ని విజయమని నేను రాయలేను. పేరు చేర్చడం మొదటి పని, నేర్పడం రెండో పని. మా క్లాసులో ఇప్పుడు సైగల అక్షరమాల నేర్చుకుంటున్నారు. అది టీచరుకు బదులు కాదు, టీచరు కోసం అడగడం మేము ఆపలేదు.

ఈ పనంతా చూసి మిత్రులు రెండు రకాలుగా విమర్శించారు. ఇంగ్లీషు నేర్పడమంటే మార్కెట్టుకు పనివాళ్ళను తయారు చెయ్యడమేనని కొందరు. ఇంగ్లీషు క్లాసులో హక్కులూ చట్టాలూ ఎందుకు, ఉద్యోగం వచ్చేట్టు నేర్పితే చాలదా అని ఇంకొందరు. మొదటివాళ్ళకు దుర్గాబాయి దేశ్‌ముఖ్‌ను గుర్తుచేస్తాను. ఇంగ్లీషు మీడియం రుద్దుతున్నారని పన్నెండేళ్ళకే బడి మానేసిన ఆమె, తర్వాత అదే ఇంగ్లీషులో న్యాయశాస్త్రం చదివి రాజ్యాంగ సభలో కూర్చుంది. భాషను వ్యతిరేకించడం వేరు, దాని పెత్తనాన్ని వ్యతిరేకించడం వేరు. 2019 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వం బళ్ళను ఇంగ్లీషు మీడియానికి మార్చే జీవో 81 ఇచ్చినప్పుడు, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు దాన్ని కొట్టేసినప్పుడు, తెలుగు కావాలన్న పెద్దలు చాలామంది తమ పిల్లల్ని ఎక్కడ చదివించారో మనకు తెలుసు. ఒకే ఇంట్లో కొడుకును ప్రైవేటు ఇంగ్లీషు బడికి, కూతుర్ని వీధి చివరి తెలుగు బడికి పంపడమూ మనకు తెలుసు. ఇంగ్లీషు వద్దని ఆడపిల్లలకు చెప్పే హక్కు మనకు లేదు. రెండోవాళ్ళకు చెప్పేది ఒక్కటే. ఉద్యోగం చేసే ఆడదానికి కూడా ఒళ్ళు ఉంటుంది, పిల్లలుంటారు, సంతకం పెట్టాల్సిన కాగితాలు ఉంటాయి.

ఇంగ్లీషు క్లాసులు నడుపుతున్న సంఘాలకు, సంస్థలకు నా విన్నపాలు కొన్ని ఉన్నాయి. కొన్న పుస్తకం పక్కన పెట్టి, నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళ సంచుల్లో ఉన్న కాగితాలతో మొదలుపెట్టండి. మందుల చీటీ, కరెంటు బిల్లు, బ్యాంకు కాగితం, పిల్లల మార్కుల కార్డు, అన్నీ పాఠాలే. ప్రతి ఇంగ్లీషు వాక్యం పక్కనా తెలుగు ఉండనివ్వండి. తమిళం, ఉర్దూ మాట్లాడేవాళ్ళుంటే అవీ ఉండనివ్వండి. యాసను చూసి నవ్వకండి, నేను నవ్వినట్టు ప్రశ్నను చూసి అసలే నవ్వకండి. క్లాసు ఎక్కడ పెడుతున్నారో, ఎన్ని మెట్లున్నాయో, చంకలో బిడ్డతో వచ్చిన తల్లి ఎక్కడ కూర్చుంటుందో మొదటే చూసుకోండి. ఎవరైనా రావడం మానేస్తే రిజిస్టర్లో గైర్హాజరు వేసి ఊరుకోకుండా ఇంటికి వెళ్ళండి. నిధులిచ్చే సంస్థలు ఎంతమంది నేర్చుకున్నారని లెక్క అడుగుతాయి. ఎంతమంది ప్రశ్న అడిగారన్న లెక్క మనం మనకోసం రాసుకుందాం. వీటన్నిటితో పాటు, ఆపరేషను అనుమతి పత్రం ప్రతి ఆస్పత్రిలోనూ తెలుగులో ఉండాలన్న డిమాండును మూడు ఊళ్ళ సంఘాలమూ కలిసి ఎత్తుకోవాలి.

పుంగనూరు క్లాసుకు ఆమె మళ్ళీ వస్తోంది. కింద వసారాలో గోడకు ఆనుకుని కూర్చుంటుంది. మొన్న చూపించుకోవడానికి వెళ్ళినప్పుడు, చీటీలో నాలుగో మాత్ర ఎందుకు రాశారని ఇంగ్లీషులోనే అడిగిందట. డాక్టరు ఆశ్చర్యపోయి, తర్వాత తెలుగులో వివరంగా చెప్పాడట. ఒక మాత్ర తగ్గించాడు కూడా. ఆ నాలుగో మాత్ర రెండు నెలలుగా ఎందుకు మింగుతోందో ఆమెకు అంతవరకు తెలియదు.